స్కాట్లండ్ ప్రభు బిరుదు చరిత్రను పరిశోధించే పద్ధతి: మార్ ఎర్ల్ బిరుదు ఉదాహరణగా

మద్రాసు ప్రెసిడెన్సీ చరిత్ర చదివే తెలుగువారికి ట్వీడేల్, ఎల్ఫిన్‌స్టన్, నేపియర్, డల్హౌసీ అనే పేర్లు తరచుగా ఎదురవుతాయి. ధవళేశ్వరం ఆనకట్ట పనులు 1847లో మొదలైనప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్నది ఎనిమిదవ ట్వీడేల్ మార్క్విస్. గంజాం ప్రాంతం 1866లో కరవుతో అల్లాడినప్పుడు గవర్నరుగా వచ్చింది పదవ లార్డ్ నేపియర్. వీటన్నిటినీ ఇంటిపేర్లుగా భావించి చదివితే అడుగడుగునా పొరపడతాం. ట్వీడేల్ మార్క్విస్ ఇంటిపేరు హే, డల్హౌసీ ఇంటిపేరు రామ్సే. ప్రభు బిరుదు ఉన్నవారు ఉత్తరాల కింద సొంత పేరు రాయరు, బిరుదు ఒక్కటే రాస్తారు. తండ్రి పోయిన మర్నాటి నుంచి కొడుకు సంతకం కూడా అదే అవుతుంది. కాబట్టి ఒక పాత కాగితం మీద ఉన్న సంతకం ఎవరిదో తేల్చడానికైనా సరే, ఆ బిరుదు ఎప్పుడు పుట్టింది, ఎవరి నుంచి ఎవరికి, ఏ హక్కుతో వచ్చింది అన్నది తెలియాలి.

ఆ పరిశోధన ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ప్రధానమైన ఉదాహరణగా మార్ ఎర్ల్ బిరుదును తీసుకున్నాను. దానికి తెలుగునేలతో సంబంధం లేదు. అయితే స్కాట్లండ్ బిరుదుల చరిత్రలో పరిశోధకుడికి ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఆ ఒక్క బిరుదులోనే ఉన్నాయి. పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోవాలి. బిరుదు చరిత్ర అంటే దాన్ని ధరించిన మనుషుల జీవిత చరిత్రల వరుస కాదు. "ఇది నీ తరువాత ఎవరికి చెందాలి" అని రాజు రాసి ఇచ్చిన నియమం, ఆ నియమాన్ని తరతరాలుగా మనుషులు పాటించిన, మార్చిన, వక్రీకరించిన తీరు, ఇవే బిరుదు చరిత్ర. ఈ నియమాన్ని ఇకపై సంక్రమణ నియమం అంటాను.

బిరుదును సరిగా గుర్తించడం

స్కాట్లండ్‌లో ప్రభు బిరుదులకు ఐదు అంతస్తులున్నాయి: డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, వీటన్నిటి కింద లార్డ్ ఆఫ్ పార్లమెంట్. ఇంగ్లండ్‌లో చివరి అంతస్తును బారన్ అంటారు కాని, స్కాట్లండ్‌లో బారన్ అంటే భూమికి అంటిపెట్టుకున్న వేరే హక్కు గలవాడు, ప్రభువుల శ్రేణిలోకి రాడు. భూస్వామ్య హక్కుల రద్దు చట్టం 2004 నవంబరు 28న అమలులోకి వచ్చిన తరువాత ఆ బారన్ హోదా భూమి నుంచి విడిపోయి, కొనుగోలుకు అందుబాటులో ఉండే హోదాగా మిగిలింది. ప్రభు బిరుదు మాత్రం కొనుగోలుకు దొరకదు. స్కాట్లండ్‌లో చదరపు అడుగు నేల కొంటే "లార్డ్" అని పిలిపించుకోవచ్చని ప్రకటనలు కనిపిస్తూ ఉంటాయి. ఆ నేలకూ ప్రభు బిరుదుకూ ఏ సంబంధమూ లేదు.

అంతస్తు తెలిశాక, ఆ బిరుదు ఏ శ్రేణిలోదో చూడాలి. దీన్ని పుట్టిన సంవత్సరం నిర్ణయిస్తుంది. 1707లో ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏకమయ్యే వరకు ఇచ్చినవి స్కాట్లండ్ శ్రేణి బిరుదులు. ఆ తరువాత 1800 చివరి వరకు ఇచ్చినవి గ్రేట్ బ్రిటన్ శ్రేణివి. 1801 నుంచి ఇచ్చినవి యునైటెడ్ కింగ్‌డమ్ శ్రేణివి. స్కాట్లండ్‌లో పుట్టి పెరిగిన కుటుంబానికి 1813లో బిరుదు వస్తే అది స్కాట్లండ్ శ్రేణిలోకి రాదు. మింటో ఎర్ల్ బిరుదు అలాంటిదే. ఈ తేడా పేరుకు మాత్రమే ఉన్న తేడా కాదు. స్కాట్లండ్ శ్రేణి బిరుదులకు స్కాట్లండ్ చట్టమూ, స్కాట్లండ్ సంక్రమణ ఆచారాలూ వర్తిస్తాయి. ఆ ప్రభువులు 1707 నుంచి 1963 వరకు తమలో పదహారుగురిని ఎన్నుకుని పంపాలే తప్ప, అందరూ ప్రభువుల సభలో కూర్చునే వీలు ఉండేది కాదు.

ఒకే మనిషి మీద రెండు శ్రేణుల బిరుదులు ఉండవచ్చు. మనకు బాగా తెలిసిన డల్హౌసీ ఇందుకు ఉదాహరణ. గవర్నర్ జనరల్‌గా వచ్చిన జేమ్స్ రామ్సేకు తండ్రి నుంచి వచ్చింది 1633 నాటి స్కాట్లండ్ ఎర్ల్ బిరుదు. 1849లో ఆయనకు అదనంగా మార్క్విస్ బిరుదు ఇచ్చారు, అది యునైటెడ్ కింగ్‌డమ్ శ్రేణిది. 1860లో ఆయన మగ సంతానం లేకుండా మరణించినప్పుడు మార్క్విస్ బిరుదు అక్కడితో అంతరించింది. ఎర్ల్ బిరుదు మాత్రం పినతండ్రి కొడుకైన ఫాక్స్ మాల్‌కు వెళ్లింది. ఒకే రోజున, ఒకే మనిషి మరణంతో, ఒక బిరుదు ఆగిపోయి మరొకటి ముందుకు సాగడానికి కారణం రెండు పత్రాలలోని సంక్రమణ నియమాలు వేరు కావడమే. దత్తత వారసులను అంగీకరించక సంస్థానాలను కలుపుకున్న రాజ్యసంక్రమణ సిద్ధాంతం డల్హౌసీ పేరుతోనే మన పాఠ్యపుస్తకాలలో ఉంది. దత్తపుత్రుడికి బిరుదు దక్కదన్న నియమం ఆయన దేశపు ప్రభు బిరుదులలో అప్పుడూ ఉంది, ఇప్పటికీ ఉంది. దత్తత వల్ల మన జమీందారీలు నిలిచిన తీరును చూసిన కళ్లతో స్కాట్లండ్ వంశవృక్షాలను చదవకూడదు.

పేర్లు కలిసిపోయే ప్రమాదం కూడా ఉంది. 1870 నుంచి 1872 వరకు భారతదేశంలో ఇద్దరు లార్డ్ నేపియర్లు ఉన్నారు. ఒకరు మద్రాసు గవర్నరు, 1627 నాటి స్కాట్లండ్ బిరుదుకు వారసుడు. రెండవవారు సర్వసేనాని, 1868లో కొత్తగా మగ్దాలా నేపియర్ అనే బిరుదు పొందినవారు. చెన్నైలో నేపియర్ వంతెన మొదటివారి పేరుతో ఉంది. ఎల్ఫిన్‌స్టన్ల సంగతీ ఇంతే. బొంబాయి గవర్నరుగా 1819 నుంచి 1827 వరకు పనిచేసిన మౌంట్‌స్టూవర్ట్ ఎల్ఫిన్‌స్టన్ ప్రభువు కాదు, పదకొండవ లార్డ్ ఎల్ఫిన్‌స్టన్‌కు చిన్న కొడుకులలో ఒకరు. 1837 నుంచి 1842 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్నది పదమూడవ లార్డ్ ఎల్ఫిన్‌స్టన్. బిరుదు పెద్ద కొడుకుకే దక్కుతుంది. మిగిలిన కొడుకులకు పేరు ముందు గౌరవ పదం తప్ప ఏమీ రాదు. తండ్రి జీవించి ఉండగా పెద్ద కొడుకుకు మర్యాద కోసం మరో పేరు వాడతారు. ట్వీడేల్ మార్క్విస్ పెద్ద కొడుకును గిఫర్డ్ ఎర్ల్ అంటారు, లార్డ్ నేపియర్ వారసుడిని మాస్టర్ ఆఫ్ నేపియర్ అంటారు. ఈ పేరుతో కనిపించే మనిషికి ఇంకా బిరుదు రాలేదని గుర్తించాలి.

పుట్టుక పత్రమూ సంక్రమణ నియమమూ

బిరుదును గుర్తించిన తరువాత దాన్ని పుట్టించిన పత్రం కోసం వెతకాలి. మన సన్నదు వంటి ఈ పత్రం రెండు రూపాలలో దొరుకుతుంది. పాత కాలంలో భూమినీ ఎర్ల్ హోదానూ కలిపి ఇచ్చే శాసనపత్రం ఉండేది. తరువాతి కాలంలో హోదాను మాత్రమే ఇచ్చే పేటెంటు పత్రం వచ్చింది. రెండూ రాజు మహాముద్ర కింద వెలువడతాయి కాబట్టి, వాటి నకళ్లు మహాముద్ర రిజిస్టరులో ఉంటాయి. ఆ రిజిస్టరు 1306 నుంచి 1668 వరకు పదకొండు సంపుటాలుగా అచ్చయింది. సారాంశాలు చాలావరకు లాటిన్‌లోనే ఉంటాయి. మూలాలు ఎడింబరోలోని స్కాట్లండ్ జాతీయ రికార్డుల కార్యాలయంలో ఉన్నాయి, దాని పట్టికను ఇంటి నుంచే ఇంటర్నెట్‌లో వెతకవచ్చు. లాటిన్ రాదని వెనకడుగు వేయనవసరం లేదు. ఇలాంటి పత్రాల వాక్యాలు ఒకే మూసలో ఉంటాయి. వెతకవలసింది వారసులను పేర్కొన్న ఆ ఒక్క వాక్యం.

ఆ వాక్యంలో ఏముందో అక్షరం అక్షరం రాసుకోవాలి. "తన ఒంటి నుంచి పుట్టిన మగ వారసులకు" అని ఉంటే మొదటి గ్రహీత సంతానంలో మగవారి ద్వారా వచ్చిన మగవారికే చెందుతుంది. "మగ వారసులకు" అని మాత్రమే ఉంటే గ్రహీత అన్నదమ్ముల శాఖలూ అర్హత పొందుతాయి. "వారసులు ఎవరైనా" అన్న అర్థం వచ్చేలా ఉంటే కూతురికీ, కూతురి బిడ్డలకూ దారి తెరుచుకుంటుంది. ఇంగ్లండ్‌లోని కొన్ని పాత బిరుదులలో కొడుకులు లేక కూతుళ్లు అనేకమంది ఉంటే ఎవరికీ చెందకుండా బిరుదు నిలిచిపోతుంది. స్కాట్లండ్‌లో అలా నిలవదు, పెద్ద కూతురికి వెళుతుంది. మరో తేడా కూడా ఉంది. తల్లిదండ్రుల వివాహానికి ముందు పుట్టిన బిడ్డ, ఆ తరువాత వారు పెళ్లాడితే, స్కాట్లండ్ చట్టం ప్రకారం న్యాయబద్ధమైన సంతానమై బిరుదుకు అర్హత పొందుతాడు. ఇంగ్లండ్ బిరుదులకు రాసిన మార్గదర్శకాలను స్కాట్లండ్‌కు అన్వయిస్తే ఈ రెండు చోట్లా తప్పు దారిలో పడతాం.

మొదటి పత్రం దొరకగానే పని పూర్తయిందనుకోవడం కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు చేసే పొరపాటు. 1707కు ముందు స్కాట్లండ్ ప్రభువు తన బిరుదును రాజుకు తిరిగి అప్పగించి, కొత్త సంక్రమణ నియమంతో మళ్లీ పొందవచ్చు. పాత స్థానం పోకుండానే వారసుల వరుస మారిపోతుంది. నేపియర్ బిరుదులో ఇదే జరిగింది. సంవర్గమానాలు కనుగొన్న జాన్ నేపియర్ కొడుకు ఆర్చిబాల్డ్‌కు 1627లో ఈ బిరుదు వచ్చింది. ఆర్చిబాల్డ్ మనుమడైన మూడవ లార్డ్‌కు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఆయన 1677లో బిరుదును రాజుకు అప్పగించి, తన అక్కచెల్లెళ్లకూ వారి సంతానానికీ చెందేలా తిరిగి రాయించుకున్నారు. ఆ పత్రం వల్లనే బిరుదు మొదట మేనల్లుడికీ, ఆయన తరువాత ఆయన పినతల్లికీ, ఆ తరువాత ఆమె మనుమడికీ వెళ్లింది. 1627 పత్రం ఒక్కటే చూసినవారికి మద్రాసు గవర్నరుకు ఈ బిరుదు ఎలా వచ్చిందో బోధపడదు. కాబట్టి మొదటి పత్రంతో పాటు, 1707లోగా వచ్చిన చివరి పునర్దాన పత్రం కోసం కూడా తప్పక వెతకాలి. రాక్స్‌బరో ఎర్ల్ తన వారసులను పేరుపేరునా వరుస పెట్టి రాయించిన 1640ల నాటి పత్రం అర్థం ఏమిటో తేల్చడానికి 1805 నుంచి 1812 వరకు ప్రభువుల సభలో వివాదం నడిచింది. చివరకు ఒక్క వాక్య నిర్మాణం మీద, ఆ వంశానికి తరువాత వచ్చిన డ్యూక్ బిరుదే ఆధారపడింది.

పత్రమే లేనప్పుడు: మార్ ఎర్ల్ బిరుదు

ఇప్పటి ఆబర్డీన్‌షైర్‌లో డీ, డాన్ అనే రెండు నదుల మధ్యనున్న సీమ మార్. 1014లో ఐర్లండ్‌లోని క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోయినవారిలో మార్ మోర్మేర్ ఒకరున్నారని ఐరిష్ వార్షిక వృత్తాంతాలు చెబుతున్నాయి. మోర్మేర్ అంటే సీమకు అధిపతి, ఎర్ల్ అన్న మాటకు ముందటి గేలిక్ మాట. కాబట్టి ఈ బిరుదును ఏ రాజూ ఒక రోజున కూర్చుని సృష్టించలేదు. పుట్టుక పత్రం లేని బిరుదులకు పద్ధతి మార్చుకోవాలి. ఒక్కొక్క తరంలో బిరుదు చేతులు మారిన చోట ఎవరు అడిగారు, ఏ హక్కుతో అడిగారు, రాజు ఏమన్నారు అనే మూడు ప్రశ్నలు వేసుకుంటూ ముందుకు రావాలి.

ఎర్ల్ థామస్ 1370లలో సంతానం లేకుండా మరణించినప్పుడు బిరుదు ఆయన సోదరి మార్గరెట్‌కు, ఆమె తరువాత ఆమె కుమార్తె ఇసబెల్లా డగ్లస్‌కు వచ్చింది. ఆడవారి ద్వారా ఈ బిరుదు సాగుతుందనడానికి ఇది గట్టి ఆధారం. ఇసబెల్లా భర్త మాల్కమ్ డ్రమ్మండ్ బందీగా ఉండగా 1402లో మరణించారు. రెండేళ్లకు, రాజవంశంలో వివాహేతర సంతానంగా పుట్టిన అలెగ్జాండర్ స్టూవర్ట్ బలగంతో వచ్చి ఆమె ఉన్న కిల్‌డ్రమ్మీ కోటను పట్టుకున్నాడు. 1404 ఆగస్టులో ఆమె చేత ఒక పత్రం రాయించుకున్నాడు. వారిద్దరికీ పిల్లలు కలగకపోతే ఎర్ల్ హోదా స్టూవర్ట్ వారసులకే చెందాలని అందులో ఉంది. రాజు దాన్ని ధ్రువీకరించలేదు. అదే ఏడాది డిసెంబరులో కోట గుమ్మం ముందు మరో తతంగం నడిచింది. స్టూవర్ట్ కోట తాళాలనూ, లోపలి వస్తువులనూ, పత్రాలనూ ఇసబెల్లా చేతికి అప్పగించాడు. ఆమె తాళాలు చేతబట్టుకుని, తన ఇష్టంతో అతన్ని భర్తగా ఎంచుకుంటున్నానని ప్రకటించింది. ఈ రెండవ పత్రంలో నియమం మారింది. పిల్లలు కలగకపోతే బిరుదు ఆమె వారసులకు తిరిగి వెళ్లాలి. రాజు దీన్ని ధ్రువీకరించారు. ఆ తాళాలు తిరిగి ఇచ్చిన ఘట్టంలో ఆమెకు నిజంగా ఎంత స్వేచ్ఛ ఉన్నదో పత్రం చెప్పదు. కోట చుట్టూ ఎవరి మనుషులున్నారో తెలిసిన పాఠకుడు దాన్ని జాగ్రత్తగానే చదవాలి. పరిశోధకుడికి ఇక్కడ తేలే సంగతి ఏమిటంటే, ఒకే ఏడాది ఒకే బిరుదుకు రెండు పత్రాలుంటే రాజు ధ్రువీకరణ ఉన్నదే లెక్కలోకి వస్తుంది.

తేదీల విషయంలో ఇక్కడే ఒక హెచ్చరిక. 1600కు ముందు స్కాట్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. డిసెంబరు 1404 పత్రానికి రాజు ధ్రువీకరణ వచ్చింది ఆ తరువాతి జనవరిలో. పాత రాతలో అదీ 1404లోనే కనిపిస్తుంది, మన లెక్కలో 1405 అవుతుంది. ఇది గమనించని వారికి ధ్రువీకరణ పత్రం కంటే ముందే వచ్చినట్టు తోచి కంగారు పడతారు. శాసనాలలోని శక సంవత్సరానికి 78 కలపాలా 79 కలపాలా అని చైత్రానికి ముందూ వెనుకా చూసుకునే అలవాటు మన శాసన పరిశోధకులకు ఉంది. ఇక్కడా జనవరి నుంచి మార్చి 24 వరకు ఉన్న ప్రతి తేదీని అలాగే సరిచూసుకోవాలి.

ఇసబెల్లా 1408లో మరణించింది. అలెగ్జాండర్ స్టూవర్ట్ 1411లో హార్లా యుద్ధంలో సైన్యాన్ని నడిపి పేరు పొందాడు, 1426లో బిరుదును రాజుకు అప్పగించి తనకూ, తన వివాహేతర కుమారుడికీ, వారి తరువాత రాజుకూ చెందేలా తిరిగి రాయించుకున్నాడు. ఆ కొడుకు ముందే పోయాడు. 1435లో స్టూవర్ట్ మరణించగానే రాజు మార్‌ను స్వాధీనం చేసుకున్నారు. ఇసబెల్లా వారసుడిని నేనంటూ రాబర్ట్ ఎర్స్కిన్ ముందుకు వచ్చి, 1438లో జ్యూరీ ఎదుట విచారణ జరిపించుకుని, తానే వారసుడినన్న తీర్పు పొందాడు. స్కాట్లండ్‌లో ఈ జ్యూరీ తీర్పు పత్రాన్ని రిటూర్ అంటారు. బిరుదు పరిశోధనకు ఇంతకంటే విలువైన పత్రం మరొకటి లేదనిపిస్తుంది, ఎందుకంటే మరణించినవారు ఎవరు, వారికి వారసుడు ఏ చుట్టరికంతో అవుతాడు అన్నది అందులో స్పష్టంగా ఉంటుంది. రిటూర్ల వరుస రికార్డులు 1530 నుంచి దొరుకుతాయి. 1847 వరకు అవి ప్రధానంగా లాటిన్‌లోనే ఉన్నాయి. అయితే రిటూర్ కూడా చివరి మాట కాదు. 1457లో రాజు పక్షాన జరిగిన మరో విచారణ ఎర్స్కిన్‌ల తీర్పును కొట్టివేసింది. ఆ తరువాత వందేళ్లకు పైగా రాజవంశీకులే మార్ బిరుదును పంచుకున్నారు.

1565 జూన్‌లో మేరీ రాణి మార్ భూములను జాన్ ఎర్స్కిన్‌కు తిరిగి ఇస్తూ పత్రం రాసింది, పూర్వం ఆ కుటుంబానికి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దుతున్నట్టుగా. భూములు ఇచ్చిన పత్రం ఉంది. ఎర్ల్ హోదా ఇచ్చిన పత్రం వేరుగా లేదు. అయినా కొద్ది వారాలలోనే ఆయన మార్ ఎర్ల్‌గా కనిపిస్తాడు. రాణి పాత బిరుదునే తిరిగి ఇచ్చిందా, కొత్తది సృష్టించిందా? ఈ ప్రశ్న మూడు శతాబ్దాలు నిద్రపోయింది. 1606లో స్కాట్లండ్ ప్రభువుల స్థానాలను నిర్ణయించిన సంఘం మార్ ఎర్ల్‌కు 1565 నాటి కొత్త ఎర్ల్‌కు రావలసిన చోటు కంటే పై చోటు ఇచ్చింది. పాత బిరుదే కొనసాగిందని ఆ కాలంవారు అనుకున్నారనడానికి అది ఆధారం.

రద్దు, పునరుద్ధరణ

బిరుదు వరుసలో ఖాళీ కనిపిస్తే, సింహాసనం కోల్పోయిన స్టూవర్ట్ రాజవంశాన్ని తిరిగి నిలపడానికి జరిగిన 1715, 1745 తిరుగుబాట్లను మొదట తలచుకోవాలి. 1715 సెప్టెంబరులో బ్రేమార్ వద్ద ఆ వంశ వారసుడు జేమ్స్ స్టూవర్ట్ పక్షాన జెండా ఎగురవేసినవాడు అప్పటి మార్ ఎర్ల్ జాన్ ఎర్స్కిన్. నవంబరులో షెరిఫ్‌మ్యూర్ యుద్ధం ఎటూ తేలలేదు, తిరుగుబాటు కుప్పకూలింది, 1716లో రాజద్రోహ చట్టం కింద బిరుదు రద్దయింది. రద్దయిన బిరుదును తిరిగి నిలపడానికి పార్లమెంటు చట్టమే కావాలి. కాబట్టి ఇలాంటి చోట రిజిస్టర్లను వదిలి చట్టాల సంపుటాలలో వెతకాలి. 1707 వరకు ఉన్న స్కాట్లండ్ పార్లమెంటు రికార్డులను సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం అనువాదంతో సహా ఇంటర్నెట్‌లో ఉంచింది. ఆ తరువాతి చట్టాలకు వెస్ట్‌మినిస్టర్ రికార్డులు చూడాలి.

మార్ బిరుదు 1824లో జాన్ ఫ్రాన్సిస్ ఎర్స్కిన్ పేరున తిరిగి నిలిచింది. ఆయన తల్లి తిరుగుబాటు ఎర్ల్ కూతురు, తండ్రి అదే ఎర్ల్ తమ్ముడి కొడుకు. మన వరసల ప్రకారం తోబుట్టువులయ్యేవారు అక్కడ పెళ్లాడారు. దాని ఫలితంగా ఆడ శాఖ హక్కూ మగ శాఖ హక్కూ ఒకే మనిషిలో కలిశాయి, బిరుదు ఏ నియమం ప్రకారం సాగుతుందో తేల్చే అవసరం ఆ చట్టానికి కలగలేదు. ఆయన మనుమడికి 1835లో కెల్లీ ఎర్ల్ బిరుదు కూడా దక్కింది. 1619 నాటి ఆ బిరుదు మగ వారసులకే చెందేది. ఆ మనుమడు 1866లో పిల్లలు లేకుండా మరణించడంతో అంతవరకూ కలిసి ఉన్న రెండు హక్కులు విడిపోయాయి.

చుట్టరికాలను తెలుగులో రాసుకోవాలి

ఇక్కడ తెలుగు పరిశోధకుడికి ఒక సౌకర్యం ఉంది, దాన్ని వదులుకోకూడదు. 1866 వివాదంలోని ఇద్దరిని ఇంగ్లీషు పుస్తకాలు కజిన్ అని, నెఫ్యూ అని పరిచయం చేస్తాయి. ఆ మాటలలో అసలు సంగతి దాగిపోతుంది. మన భాషలో రాస్తే వివాదమంతా ఒక్క చూపులో తెలుస్తుంది. మరణించిన ఎర్ల్‌కు వాల్టర్ ఎర్స్కిన్ పినతండ్రి కొడుకు, జాన్ గుడీవ్ మేనల్లుడు. పినతండ్రి కొడుకు మగవారి ద్వారా వచ్చిన వారసుడు. మేనల్లుడు రక్తంలో దగ్గరివాడు, కాని సోదరి ద్వారా వచ్చినవాడు. కాబట్టి వంశవృక్షం గీసేటప్పుడు అంకుల్, ఆంట్, కజిన్, నెఫ్యూ అన్న మాటలు కనిపించిన ప్రతిచోటా మూలం వెతికి బాబాయా మేనమామా, పెదతండ్రి కొడుకా మేనత్త కొడుకా, అన్న కొడుకా అక్క కొడుకా అని తేల్చి రాయాలి. తేల్చలేకపోతే, అక్కడే ఇంకా చూడవలసిన రికార్డు ఉందని తెలిసినట్టే. నా అనుభవంలో వంశవృక్షాలలోని తప్పులలో ఎక్కువ భాగం ఈ ఒక్క అలవాటుతో బయటపడతాయి.

కెల్లీ బిరుదు నియమం ప్రకారం వాల్టర్‌కు వెళ్లింది, దానిమీద తగాదా లేదు. మార్ కోసం ఇద్దరూ నిలిచారు. గుడీవ్ తన పేరుకు ఎర్స్కిన్ చేర్చుకుని మార్ ఎర్ల్‌గా చెలామణి అయ్యారు. వాల్టర్ ప్రభువుల సభకు విన్నవించుకుని, తీర్పు రాకముందే 1872లో మరణించగా ఆయన కుమారుడు వ్యాజ్యాన్ని కొనసాగించారు. 1875లో బిరుదు వివాదాలను విచారించే సభ ప్రివిలేజెస్ కమిటీ కెల్లీ ఎర్ల్ పక్షాన నిలిచింది. పాత మార్ బిరుదు 1565 నాటికి అంతరించిందని, మేరీ రాణి ఇచ్చింది కొత్తదని, సృష్టి పత్రం లేనప్పుడు మగ వారసులకే ఇచ్చినట్టు భావించాలని కమిటీ వాదం. మార్గరెట్, ఇసబెల్లాలు ఆ బిరుదును పొందిన తీరునూ, 1404 పత్రంలోని "ఆమె వారసులకు" అన్న మాటనూ, 1606 నాటి స్థానాన్నీ చూసిన తరువాత ఆ తీర్పు నాకు సమంజసంగా తోచలేదు. అప్పటి స్కాట్లండ్‌లోనూ చాలామంది ప్రభువులకు తోచలేదు. పదేళ్ల ఆందోళన తరువాత పార్లమెంటు 1885లో ప్రత్యేక చట్టం చేసి, పాత మార్ బిరుదు అంతరించలేదని, అది గుడీవ్-ఎర్స్కిన్‌కు చెందుతుందని ప్రకటించింది. 1875 తీర్పును మాత్రం రద్దు చేయలేదు. అందువల్ల అప్పటి నుంచి రెండు మార్ ఎర్ల్ బిరుదులున్నాయి.

ఈ కారణంగానే మార్ ఎర్ల్‌ల వరుస సంఖ్యలను నమ్మకూడదు. 1715 తిరుగుబాటు ఎర్ల్‌ను 1565 నుంచి లెక్కించేవారు ఆరవ ఎర్ల్ అంటారు. పాత బిరుదు నుంచి లెక్కించేవారు ఇరవై రెండవ అనో ఇరవై మూడవ అనో అంటారు. మనిషి ఒక్కడే. ఏ బిరుదు చరిత్ర రాసినా వరుస సంఖ్యతో పాటు పుట్టిన, మరణించిన సంవత్సరాలను తప్పక ఇవ్వాలి. సంఖ్యను ఎక్కడి నుంచి లెక్కించారో ఒకసారి చెప్పాలి.

సరిచూసుకోవడం

వరుస సిద్ధమయ్యాక ఒక్కొక్క తరాన్ని రెండు స్వతంత్రమైన ఆధారాలతో సరిచూడాలి. జనన మరణాలకు స్కాట్లండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది. అందులో 1553 నుంచి 1854 వరకు పారిష్ రిజిస్టర్లు, 1855 నుంచి తప్పనిసరి ప్రభుత్వ నమోదులు, పదహారవ శతాబ్దం నుంచి వీలునామాలు ఉన్నాయి. పారిష్ రిజిస్టర్లు అన్ని చోట్లా మొదటి నుంచీ లేవు కాబట్టి, పేరు కనిపించకపోతే మనిషే లేడనుకోకూడదు. భూమి చేతులు మారిన వివరాలకు 1617లో మొదలైన సేసీన్ రిజిస్టరు ఉపయోగపడుతుంది. బిరుదుతో పాటు భూమి వెళ్లిందా లేదా అన్నది కొన్నిసార్లు వారసుడు ఎవరో చెప్పేస్తుంది. కుటుంబ చిహ్నాల కోసం, స్కాట్లండ్‌లో వాటిపై అధికారం ఉన్న లార్డ్ లయన్ న్యాయస్థానం 1672 నుంచి నిర్వహిస్తున్న రిజిస్టరు చూడాలి. సర్ జేమ్స్ బాల్ఫోర్ పాల్ అనే లార్డ్ లయన్ సంపాదకత్వంలో 1904 నుంచి 1914 వరకు తొమ్మిది సంపుటాలుగా వచ్చిన స్కాట్స్ పీరేజ్ ఈ పనికి మంచి ప్రారంభం. పాత కుటుంబ చరిత్రలలోని పొగడ్తలను నమ్మకుండా మూల పత్రాలను చూపించే పుస్తకం అది. మద్రాసు గవర్నర్ల కాలానికి సంబంధించిన కాగితాలు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులలోనూ ఉన్నాయి.

చివరగా, బిరుదు ఇప్పుడు ఎవరిదో తెలుసుకోవడానికి 2004 నుంచి నిర్వహిస్తున్న అధికారిక ప్రభువుల పట్టికను చూడాలి. తండ్రి మరణించినంత మాత్రాన కొడుకు పేరు అందులో చేరదు, రుజువులతో దరఖాస్తు చేసుకోవాలి. దరఖాస్తు చేయనివారి పేరు కనిపించదు కాబట్టి, పట్టికలో లేని బిరుదు అంతరించిందని రాయకూడదు. మార్ విషయానికి వస్తే, 1565 నాటి బిరుదు కెల్లీ బిరుదుతో కలిసి మార్, కెల్లీ ఎర్ల్ పేరున మగ శాఖలో సాగుతోంది. పాత బిరుదును ముప్పై ఒకటవ కౌంటెస్ మార్గరెట్ ధరిస్తున్నారు. ఆమె 2020 వరకు ప్రభువుల సభలో సభ్యురాలు. ఆమె వారసురాలిని మిస్ట్రెస్ ఆఫ్ మార్ అని పిలుస్తారు.